స్థిరమైన కూర్పు, కొత్త కూర్పు: తెలుగు అక్షరానికి వచ్చిన పరీక్ష

విజయవాడకు కృష్ణ కాలువలు ఎంత ముఖ్యమో అచ్చుకూటాలు కూడా అంత ముఖ్యం. పాఠ్యపుస్తకాలు, పరీక్షల గైడ్లు, పంచాంగాలు, నవలలు, పెండ్లి శుభలేఖలు దశాబ్దాల తరబడి ఈ ఊరి నుండి రైళ్ళకెక్కి తెలుగునాడంతటా పోయినవి. 1960లో ఆంధ్రజ్యోతి దినపత్రిక ఇక్కడనే పుట్టినది. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటరుకు ఎదురుగా కేసు ఉండేది. అందులో హల్లులకొక గడి, గుణింతాలకొక గడి, వత్తులకొక గడి. కొత్త టైపు కొనవలసి వచ్చినప్పుడు యజమాని వెంటనే కొనేవాడు కాదు. పాత టైపు అరిగినదే. కాని ఏ అక్షరం ఎక్కడ చెదిరినదో, ఏ వత్తు తక్కువ పడుతుందో కంపోజిటరు వేళ్ళకు తెలుసు. కొత్త పోత పదునైనదే. కాని పాతదానితో ఎత్తు కలియకపోతే పుట అంతా ఎగుడుదిగుడుగా పడుతుంది. పైగా ఉగాది దగ్గరకు వచ్చినది, పంచాంగం ఆగదు. అందువల్ల అరిగిన టైపే ఇంకొక సంవత్సరం నడిచేది.

సీసం పోయి కంప్యూటరు వచ్చిన తరువాత కూడా ఈ సందేహం పోలేదు. తెలుగునాట డి.టి.పి. దుకాణాలు పేజ్‌మేకరు అనే పుటల కూర్పు ప్రోగ్రామును, దానితో పాటు ‘అను’ వంటి తెలుగు ఫాంట్లను అలవాటు చేసుకున్నవి. పేజ్‌మేకరు 7.0 వచ్చినది 2001లో. అదే చివరిది. 2004లో అడోబి సంస్థ దాని అభివృద్ధిని నిలిపివేసినది. అయినా ఆ తరువాత ఎన్నో ఏండ్లు దుకాణాలలో దానితోనే పని జరిగినది. దీన్ని బద్ధకమనడం న్యాయం కాదు. చేతులకు మీటలు తెలుసు. ప్లేటు చేసేవాడికి ఆ ఫైలు తెలుసు. పక్క దుకాణం వాడు కూడా అదే వాడుతున్నాడు, కనుక పని మధ్యలో ఆగితే అతని దగ్గర పూర్తి చేయించుకోవచ్చు. ఒక వస్తువు మారకపోవడంలో ఇన్ని లాభాలున్నవి.

అయితే ఈ స్థిరత్వానికి చెల్లించిన మూల్యం పైకి కనబడదు. అటువంటి ఫాంట్లలో కంప్యూటరు లోపల తెలుగు లేదు. ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు తలకట్లు, కొమ్ములు, వత్తులు ముక్కలు ముక్కలుగా అమర్చి ఉంటవి. ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు. ఫాంటు తీసివేస్తే అర్థం లేని ఆంగ్ల అక్షరాల కుప్ప. అందులో ఒక మాటను వెదకడానికి లేదు, అకారాది క్రమంలో పెట్టడానికి లేదు, ఇంకొక యంత్రానికి పంపితే చదవడానికి లేదు. ఇట్లా కూర్చిన పుస్తకాల ఫైళ్ళను నేటి పద్ధతికి మార్చేటప్పుడు మార్పిడి ప్రోగ్రాములు కొన్ని అక్షరాలు తప్పుతవి. ప్రూఫు రీడరు మళ్ళీ మొదటి పుట నుండి కూర్చోవలసినదే.

పేజ్‌మేకరు విషయంలో దుకాణదారుకు ఎంపిక లేదు. యజమాని ఆపినాడు, అది ఆగినది. దాని మూలపాఠం, అనగా ప్రోగ్రామును నిపుణులు వ్రాసిన అసలు రూపం, సంస్థ పెట్టెలో ఉన్నది. మరొకరు దాన్ని బాగుచేయలేరు. ఓపెన్‌సోర్సు సాఫ్టువేరు పద్ధతి వేరు. అక్కడ మూలపాఠం బయలుగా ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, దిద్దినది పంచవచ్చు. దీనివల్ల ఒక చిత్రమైన పరిస్థితి ఏర్పడినది. ఒకే ప్రోగ్రాము ఒకే రోజున రెండు మూడు రూపాలలో దొరుకుతుంది. ఒకటి పరీక్షలు ముగించుకుని నిలకడకు వచ్చిన కూర్పు. ఇంకొకటి నిన్న సాయంత్రం దిద్దిన కూర్పు. ఏది తీసుకోవలెనో తేల్చుకోవడం వాడేవాడి వంతు.

ఈ రెండు దారులకు గుర్తులు పెట్టడం క్రమంగా జరిగినది. ఫిన్లండులో విద్యార్థిగా ఉన్న లీనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్సు 1994 మార్చిలో 1.0 అయినది. ఆ తరువాత దాని కర్తలు సరి సంఖ్య, బేసి సంఖ్య అనే ఏర్పాటు చేసుకున్నారు. చుక్క తరువాత సరి సంఖ్య ఉంటే అది పనికి. బేసి సంఖ్య ఉంటే అది ప్రయోగానికి. 2.2 పనిది, 2.3 ప్రయోగానిది, 2.4 మళ్ళీ పనిది. వినడానికి ముచ్చటగా ఉన్నది కాని ఒక చిక్కు వచ్చినది. 2.2 కూర్పు 1999 జనవరిలో వస్తే 2.4 రావడానికి 2001 జనవరి అయినది, 2.6 రావడానికి 2003 డిసెంబరు. మధ్యకాలంలో కొత్త యంత్రాలు కొన్నవారు ఏమి చేయవలె? సరి సంఖ్య వారి యంత్రాన్ని గుర్తించదు. బేసి సంఖ్యను నమ్మడానికి లేదు. పంపిణీదారులు బేసి శాఖలోని మంచి భాగాలను విడదీసి సరి శాఖకు అతుకులు వేసుకున్నారు. చివరకు 2.6 నుండి ఆ ఏర్పాటునే వదిలివేసినారు. 2005లో ప్రధాన కూర్పులకు దోష నివారణలు మాత్రమే చేర్చే ప్రత్యేక శాఖ మొదలైనది.

డెబియన్ అనే పంపిణీ ఇంకొక దారి పట్టినది. 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన ఈ పంపిణీని జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్నారు. వేలాది ప్రోగ్రాములను ఒక్కచోట చేర్చి, ఒకదానితో ఒకటి పొసగేటట్లు చూసి ఇవ్వడం వారి పని. కూర్పులకు 1995లో మొదలైన ‘టాయ్ స్టోరీ’ అనే బొమ్మల చలనచిత్రాలలోని పాత్రల పేర్లు పెట్టినారు: వుడీ, సార్జ్, ఎచ్, బుక్‌వార్మ్. ప్రయోగశాల వంటి శాఖకు మాత్రం ఎప్పుడూ ఒకటే పేరు, సిడ్. ఆ చిత్రాలలో మొదటిదానిలో బొమ్మలను విరగగొట్టే పక్కింటి పిల్లవాడి పేరది. కొత్త సరుకు ముందు సిడ్‌లోకి వస్తుంది. కొన్ని రోజులు పెద్ద దోషాలు బయటపడకపోతే, పరీక్ష శాఖలోకి పోతుంది. ఈ మధ్య మెట్టును 2000లో చేర్చినారు. కొంతకాలానికి పరీక్ష శాఖ తలుపులు మూస్తారు. అచ్చుకూటంలో ఫారం బిగించిన తరువాత అక్షరం కదపనట్లే, అప్పటి నుండి కొత్త సరుకు తీసుకోరు; తప్పులు మాత్రం దిద్దుతారు. ముఖ్యమైన తప్పులన్నీ తీరినప్పుడు దానికి స్థిరమైన కూర్పు అని పేరు పెట్టి విడుదల చేస్తారు.

కృష్ణా డెల్టా రైతుకు ఈ మెట్లు కొత్తవి కావు. బాపట్ల పరిశోధన కేంద్రంలో తయారైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, 1986లో విడుదలైనది. దానికి ముందు 1982లో పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు నుండి ఎం.టి.యు. 7029, స్వర్ణ, వచ్చినది. ఒక వరి వంగడం పరిశోధన కేంద్రపు మడిలో నెగ్గి, అనేక ప్రాంతాల పరీక్షలలో నెగ్గి, మినీ కిట్ల పేరుతో రైతుల పొలాలలో నెగ్గిన తరువాతనే దానికి విడుదల. అప్పటికీ ప్రకాశం బ్యారేజి నుండి కాలువలకు నీరు వదలి సార్వా నారుమళ్ళు పోసే వేళకు రైతు ఆలోచిస్తాడు. తెలిసిన రైతు పొలమంతా ఒక్కసారి మార్చడు. ఒక మూల అరెకరంలో వేసి చూస్తాడు.

ఈ పోలికను ఒక చోట జాగ్రత్తగా పట్టుకోవలె. సాంబ మసూరి స్థిరమైన వంగడమంటే దానికి లోపం లేదని కాదు. బాక్టీరియా ఎండాకు తెగులుకు అది లొంగుతుందని అందరికీ తెలుసు. దాని గుణాలు ఇవి, లోపాలు ఇవి అని తెలిసి ఉండడమే దాని స్థిరత్వం. డెబియన్ వారి ‘స్థిరం’ అనే మాటకూ అర్థం ఇదే. దోషం లేనిది అని కాదు, మారనిది అని. మంచి మారదు, తెలిసిన చిన్నచిన్న దోషాలు కూడా తరువాతి కూర్పు వచ్చేవరకు అట్లాగే ఉంటవి. ఈ ఒక్క మాట అర్థం కాక, స్థిరమైన కూర్పు తీసుకుని అందులో తప్పు కనబడగానే మోసపోయామనుకున్నవారు చాలామంది.

మరి ప్రమాదకరమైన దోషం బయటపడితే? అందుకు ఉపాయం ఉన్నది. హైదరాబాదులోని వరి పరిశోధనా సంచాలక సంస్థ, సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కలిసి సాంబ మసూరిలోకి తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చినారు. గింజ సన్నదనం, అన్నం రుచి మారకుండా, కావలసిన జన్యువులు వచ్చినవో లేదో డి.ఎన్.ఏ. గుర్తులతో తరతరానికీ పరీక్షించుకుంటూ పోయినారు. 2008 నాటికి అది ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’గా రైతులకు వచ్చినది. వంగడం పాతదే, రక్షణ కొత్తది. సాఫ్టువేరులో సరిగా ఇదే పని చేస్తారు. కొత్త కూర్పులో చేసిన దిద్దుబాటును మాత్రం విడదీసి, పాత కూర్పుకు అంటుకడతారు.

దీనికి 2014 ఏప్రిల్ 7 నాటి ఘటన మంచి ఉదాహరణ. ఇంటర్నెట్టులో రహస్యంగా మాట్లాడుకోవడానికి వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రాములో ‘హార్ట్‌బ్లీడ్’ అనే దోషం ఆనాడు బయటపడినది. దూరాన ఉన్నవాడు అడిగితే కంప్యూటరు తన జ్ఞాపకంలోని ముక్కలను, ఒక్కొక్కప్పుడు రహస్యపు తాళాలను కూడా, పంపివేసేది. 2012 మార్చిలో వచ్చిన 1.0.1 కూర్పుతో ఈ దోషం ప్రవేశించినది. దానికంటె పాతదైన 0.9.8 వాడేవారికి ఏమీ కాలేదు. డెబియన్ నాటి స్థిరమైన కూర్పులో 1.0.1ఇ ఉన్నది, అది దోషం గలదే. డెబియన్ వారు సంఖ్య మార్చకుండా, ఆ 1.0.1ఇ కే దిద్దుబాటు అంటుకట్టి వెంటనే ఇచ్చినారు. ఇందువల్ల మరొక తికమక పుట్టినది. సంఖ్య చూసి యంత్రం ప్రమాదంలో ఉన్నదని భయపడినవారి యంత్రాలలో చాలావాటికి ప్రమాదం అప్పటికే తొలగిపోయినది.

ఇంతవరకు చెప్పినది ఏ భాషవారికైనా వర్తిస్తుంది. తెలుగు వారి సంగతి వేరుగా చెప్పుకోవలె. వారికి సుమారు పదిహేనేండ్లపాటు ‘స్థిరమైనది తీసుకోండి’ అనే మంచి సలహా సరిపడలేదు. కారణం అక్షర నిర్మాణంలో ఉన్నది.

‘స్త్రీ’ అనే మాటను తీసుకుందాం. 1991లో వచ్చిన యూనికోడు పద్ధతిలో ఇది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. కంప్యూటరు జ్ఞాపకంలో గుడిదీర్ఘం ‘ర’ పక్కన ఉన్నది. కాగితం మీద అది ‘స’ నెత్తికి ఎక్కవలె. త, ర వత్తులుగా మారవలె. తావత్తు కింద, క్రారవడి పక్కన చేరవలె. ఆంగ్లంలో ఒక సంకేతానికి ఒక అక్షరం గీస్తే చాలు. తెలుగులో సంకేతాల వరుసను చదివి, అక్షరంగా మలచే యంత్రాంగం ఒకటి మధ్యలో ఉండవలె. అది లేని చోట ‘స్‌త్‌రీ’ అని పొల్లులతో విడివిడిగా పడుతుంది, లేదా వరుసగా ఖాళీ పెట్టెలు కనబడుతవి.

లినక్సు బల్లమీద ఈ పని చేసేందుకు వచ్చినది ‘పాంగో’. గ్రీకులో ‘పాన్’ అంటే సర్వం, జపనీస్‌లో ‘గో’ అంటే భాష. పేరులోనే ఉద్దేశం ఉన్నది. గ్నోమ్ అనే డెస్క్‌టాపు 2.0 కూర్పు పాంగోను ఆధారం చేసుకుని 2002 జూన్‌లో వెలువడినది. డెబియన్ వుడీ 2002 జూలై 19న స్థిరమైన కూర్పుగా విడుదలైనది. నెల రోజుల తేడా. కాని ఫారం అంతకు ముందే బిగించినారు. వుడీలో ఉన్న డెస్క్‌టాపు పాత గ్నోమ్ 1.4. తరువాతి కూర్పు సార్జ్ వచ్చినది 2005 జూన్ 6న. అనగా మూడేండ్లకు కాస్త తక్కువ కాలం, డెబియన్ స్థిరమైన కూర్పును నమ్ముకున్నవాడి డెస్క్‌టాపు తెలుగుకు కొత్త యంత్రాంగం సాయం లేకుండా ఉండిపోయినది. మధ్యలో, 2003 డిసెంబరులో, తెలుగు వికీపీడియా పుట్టినది. ఆంగ్లంలో పనిచేసేవాడికి వుడీ పాతదైనా లోటు లేదు. తెలుగువాడికి కావలసిన వత్తులు మాత్రం కొత్త కూర్పులో ఉన్నవి.

ఆ విసుగులో నుండే కొన్ని కొత్త ఏర్పాట్లు వచ్చినవి. 2004 అక్టోబరులో డెబియన్ సరుకునే తీసుకుని ఆరు నెలలకొకసారి విడుదల చేస్తామని ఉబుంటు బయలుదేరినది. రెండేండ్లకే, 2006 జూన్‌లో, ‘దీర్ఘకాలం ఆదరణ గల కూర్పు’ అని ప్రత్యేకంగా ఒకటి ఇచ్చినది. ఆరు నెలల వేగం కూడా అందరికీ సరిపడదని తెలిసివచ్చినదన్నమాట. 2005లో డెబియన్ వంశానికే చెందిన ‘స్వేచ్ఛ’ తెలుగులో వచ్చినది. 2012 డిసెంబరులో తిరుపతిలో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల సందర్భంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి యూనికోడు ఫాంట్లను అందరికీ ఉచితంగా ఇచ్చినవి. అక్షరాల రూపం కూడా దీనితో బహిరంగమైనది. సూరన్న, పెద్దన, ధూర్జటి, గిడుగు, మండలి వంటి పేర్లు ఈనాడు కంప్యూటర్ల ఫాంట్ల జాబితాలో కనిపించడం చిన్న విషయం కాదు.

అచ్చుకూటానికి నేరుగా తగిలిన కథ మాత్రం స్క్రైబస్‌ది. పేజ్‌మేకరు చేసే పనిని ఓపెన్‌సోర్సు పద్ధతిలో చేసే ప్రోగ్రాము అది. దాని కర్తలు కూడా సరి సంఖ్య పనికి, బేసి సంఖ్య ప్రయోగానికి అన్నారు. 1.4 స్థిరమైన కూర్పు. దానిలో పుటలు చక్కగా కూర్చవచ్చు, రంగులు విడదీయవచ్చు, పి.డి.ఎఫ్. చేయవచ్చు, తెలుగు వత్తులు మాత్రం పడవు. 2017లో వచ్చిన 1.5.3 లో అక్షరాలను మలచే భాగాన్ని సమూలంగా మార్చి, హార్ఫ్‌బజ్ అనే ఉమ్మడి యంత్రాంగాన్ని అమర్చినారు. ఆ పనికి ముఖ్యంగా తోడ్పడినవారు ఒమన్ దేశపు కార్యకర్తలు. వారికి కావలసినది అరబ్బీ. అరబ్బీ కోసం వేసిన బాటలో తెలుగు, మలయాళం, తమిళం కూడా నడిచినవి. అదే 2017 ఫిబ్రవరిలో లిబ్రెఆఫీసు 5.3 కూడా అన్ని రకాల కంప్యూటర్లలోనూ హార్ఫ్‌బజ్‌కు మారినది.

కాని 1.5 బేసి సంఖ్య. వ్యాపారపు పనికి వాడవద్దని దాని కర్తలే హెచ్చరించినారు. అందులో దాచిన ఫైలు 1.4 లో తెరుచుకోదు. కనుక ఒకసారి అడుగు వేస్తే వెనుకకు దారి లేదు. తెలుగు పుస్తకం కూర్చదలచినవాడి ముందు అప్పుడు రెండు తలుపులున్నవి. ఒకటి నమ్మదగినది, తెలుగు రానిది. రెండవది తెలుగు వచ్చినది, నమ్మవద్దని వ్రాసిపెట్టినది. ఇటువంటి స్థితిలో సాధారణ సూత్రాలు పనికిరావు. తనకు కావలసిన పని ఏ కూర్పులో అసలు జరుగుతున్నదో అదే మొదటి ప్రశ్న. నిలకడ రెండవ ప్రశ్న. కేరళలో జనయుగం దినపత్రిక 2019లో ఈ లెక్కనే వేసుకుని స్క్రైబస్‌కు మారినది. దినపత్రిక అంటే ప్రతి రాత్రీ ఉగాదే. ఆలస్యానికి తావు లేదు. ఆ సాహసం వెనుక మలయాళ కంప్యూటింగ్ కార్యకర్తల సహాయం ఉన్నది. దోషం వస్తే దిద్దగలవాడు పిలుపు దూరంలో ఉన్నప్పుడు బేసి సంఖ్యకు భయపడనవసరం లేదు. ఒంటరి దుకాణానికి ఆ ధైర్యం చెప్పడం సులభం కాదు.

స్క్రైబస్ 1.6 స్థిరమైన కూర్పుగా వచ్చినది 2024 జనవరిలో. 2017 నుండి లెక్కిస్తే సుమారు ఏడేండ్లు. ఈ మధ్యకాలంలో డెబియన్ వంటి స్థిరమైన పంపిణీ కూడా ప్రయోగశాఖకు చెందిన 1.5 నే తన సంచిలో పెట్టుకున్నది. 2023లో వచ్చిన బుక్‌వార్మ్‌లో ఉన్నది అదే. సంచి స్థిరం, అందులోని ఒక వస్తువు ప్రయోగం. మాటల మీద మాత్రమే ఆధారపడితే ఎంత పొరపడవచ్చునో చూడండి.

కొత్తదాని వల్ల ప్రమాదం కల్పితం కాదు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనపు 5.6.0, 5.6.1 కూర్పులలో ఎవరో దొంగదారి అమర్చినారు. ఏదో తొందరలో చేసినది కాదు; ఏండ్ల తరబడి మంచి కార్యకర్తగా నటించి, నమ్మకం సంపాదించి చేసినది. ఆ కూర్పులు డెబియన్ సిడ్‌కు, పరీక్ష శాఖకు, ఫెడోరా ప్రయోగ కూర్పులకు చేరినవి. డెబియన్ స్థిరమైన కూర్పుకు చేరలేదు. మార్చి 29న దీన్ని బయటపెట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. దూరపు యంత్రంలోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమని అనుమానించి వెదికినాడు. అతడు చూసిన యంత్రంలో ఉన్నది సిడ్. స్థిరమైన కూర్పువారిని కాపాడినది వారి నిదానం ఒక్కటే కాదు, సిడ్ వాడుతూ ఒక మనిషి అర సెకను ఆలస్యాన్ని సహించకపోవడం కూడా. అందరూ రెండేండ్లు ఆగి చూద్దామనుకుంటే ఆ రెండేండ్లూ దొంగదారిని చూసేవాడు ఉండడు.

స్థిరమైనది తప్పు చేసిన రోజు కూడా ఉన్నది. 2006లో డెబియన్‌లో ఒక నిర్వాహకుడు ఓపెన్ఎస్ఎస్ఎల్ మూలపాఠంలో అనవసరమనిపించిన పంక్తులను తొలగించినాడు. దానితో రహస్యపు తాళాలు తయారు చేసే యాదృచ్ఛిక సంఖ్యలు దాదాపు ముప్పై రెండు వేల రకాలకు కుదించుకుపోయినవి. ఊహకందనన్ని ఉండవలసిన చోట అది అతి స్వల్పం. 2007 ఏప్రిల్‌లో ఎచ్ స్థిరమైన కూర్పుగా విడుదలైనప్పుడు ఆ తప్పు అందులోనే ఉన్నది. బయటపడినది 2008 మే 13న. పరీక్షలన్నీ నెగ్గినది, ఎవరూ ఆ సంఖ్యలు లెక్కించలేదు, అంతే.

తెలుగు అక్షరమే ప్రపంచాన్ని బెదిరించిన ఘటన ఒకటున్నది. అది ఓపెన్‌సోర్సు కాకపోయినా చెప్పకుండా ఉండలేం. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలో ‘జ్ఞా’ అనే అక్షరపు ఒక సంకేత రూపం సందేశంలో వస్తే చాలు, ఆ సందేశం చూపే ప్రోగ్రాము కుప్పకూలేది. నాడు అందరి చేతులలో ఉన్న ఐఓఎస్ 11.2.5 లో ఆ దోషం ఉన్నది. పరీక్షకు పంచిన 11.3 లో అప్పటికే లేదు. ఆ నెల 19న 11.2.6 వచ్చి దాన్ని సరిచేసినది. జ్ఞానంలోని జ్ఞా వల్ల ఇంత పని జరగడం తెలుగువారికి నవ్వు తెప్పించినది.

కొత్త కూర్పు కొన్నిసార్లు ఉన్నదాన్ని తీసివేస్తుంది కూడా. ఒకప్పుడు తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటును వాడేవి. తెలుగు వికీపీడియాకు ఆద్యుడైన వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్సు కోసం ‘పద్మ’ అనే పొడిగింపును తయారు చేసినారు. ఆ పత్రికల అక్షరాలను అది అప్పటికప్పుడు యూనికోడుకు మార్చి చూపేది. 2017 నవంబరు 14న వచ్చిన ఫైర్‌ఫాక్సు 57 వేగం పెంచి, పాత పద్ధతి పొడిగింపులన్నిటినీ ఒక్క వేటుతో వదిలివేసినది. పాత పద్ధతి పొడిగింపులు కావలసినవారికి మిగిలినది ‘దీర్ఘ ఆదరణ’ శాఖలోని 52. అది కూడా 2018 సెప్టెంబరుతో ముగిసినది. పాత శాఖలో ఉండడమంటే కాలం కొనడం మాత్రమే. ఆ కాలంలో పత్రికల వెబ్‌సైట్లు యూనికోడుకు మారుతూ వచ్చినవి కనుక బాధ తక్కువైనది.

శాశ్వతంగా నిలిచిపోవడానికి నిశ్చయించుకున్న ప్రోగ్రాము ఒకటున్నది. గణితం అచ్చువేయడానికి డొనాల్డ్ నూత్ వ్రాసిన టెక్. 1990లో ఆయన, ఇక దీనికి కొత్త గుణాలు చేర్చను, తప్పులు మాత్రం దిద్దుతాను, అన్నారు. దిద్దిన ప్రతిసారీ దాని సంఖ్యకు ‘పై’ విలువలోని ఒక అంకె చేరుతుంది: 2014లో 3.14159265, 2021లో 3.141592653. ఆయన తరువాత దాని సంఖ్య ‘పై’ అయిపోతుంది, మిగిలిన తప్పులు కూడా దాని గుణాలే. ఇంత స్థిరమైన వస్తువులో యూనికోడు తెలుగు ఎట్లా పడుతుంది? టెక్‌ను ముట్టుకోకుండా, దాని నుండి వేరు శాఖ తీసి, 2004లో జానథన్ క్యూ జీటెక్ చేసినారు. తెలుగు పడినది అందులో. పునాది మారలేదు, పైన వేసిన మేడలో కొత్త కిటికీలు వచ్చినవి.

2008లో యూనికోడు 5.1 తో దంత్య చ, జ లకు (ౘ, ౙ) సొంత స్థానాలు వచ్చినవి. నిఘంటువు వేసేవాడికి ఈ రెండు అక్షరాలు ప్రాణం; శుభలేఖ వేసేవాడికి వాటితో పని లేదు. ఒకడు ఫాంటును కొత్తది తెచ్చుకోక తప్పదు, మరొకడు పదేండ్ల ఫాంటుతో సుఖంగా ఉండవచ్చు. యంత్రమంతా ఒకే కూర్పులో ఉండవలెనన్న నియమం కూడా నేడు లేదు. పునాదిని డెబియన్ స్థిరమైన కూర్పులోనే ఉంచి (2025 ఆగస్టు 9న వచ్చినది ట్రిక్సీ), ఒక్క స్క్రైబస్‌ను మాత్రం యాప్‌ఇమేజి అనే విడి పొట్లంగా తెచ్చి పక్కన పెట్టుకోవచ్చు. పొట్లంలోనిది చెడితే పొట్లం తీసివేయవచ్చు. దానితో చేసిన ఫైలుకు ముందుగా నకలు ఉండవలె. డెల్టా రైతు అరెకరం మూల వంటిదే ఇది. పంచాంగం వేసే దుకాణం ఇటువంటి మార్పును మాఘ, ఫాల్గుణాలలో తలపెట్టదు; ఉగాది దాటిన తరువాత, పాఠ్యపుస్తకాల పని అందుకోకముందు ఉండే కొద్ది తీరికలో చేసుకుంటుంది. పాత పేజ్‌మేకరు ఉన్న యంత్రాన్ని ఇంటర్నెట్టుకు కలపకుండా మూలన ఉంచడం కూడా తెలివైన పనే, పాత ఫైళ్ళను తెరవడానికి అది తాళం చెవి కనుక.

స్క్రైబస్ కర్తలు 1.6 ను పనికి అప్పగించి, ప్రయోగానికి 1.7 అనే బేసి సంఖ్యను మళ్ళీ తెరిచినారు.